పదిహేడో ఆట

టార్టూలో ఫిబ్రవరి.
నది ఎంత గట్టిపడిందంటే
పిల్లలు బడికి దాని మీదే అడ్డదారి వేసుకున్నారు.
యూనివర్సిటీ మూడో అంతస్తు, దగ్గే హీటరున్న నడవా.
ఆ చివరి గది ఒక దేశం, ఈ చివరి గది ఒక దేశం,
మధ్య నలభై రెండు అడుగులు.
ఆ నలభై రెండు అడుగులే నా ఉద్యోగం.

కవర్లు మోస్తాను.
విప్పకూడదు, నవ్వకూడదు,
మొహం మీద ఏ కబురూ కనిపించకూడదు.
గంటకి తొమ్మిది యూరోలు. కాఫీ ఊరికే ఇస్తారు.

హెల్వె లెక్క సూటిగా ఉంటుంది:
అదే సముద్రం, అదే తెగిన కేబులు,
మునిగిపోయిన అదే చేపల పడవ, అందులో నలుగురు.
సగం ఆటల్లో ఒక కార్డు ఎక్కువ ఇస్తుంది.
కొత్త క్షిపణి. బొమ్మ కూడా లేదు, పేరొక్కటే.
ఆ పేరు చేతిలో ఉంటే
మనుషులు మెట్లెక్కే వేగం మారుతుందా?
తక్కినవన్నీ సమానంగా ఉండాలి అంటుంది,
గడియారం, కుర్చీలు, బిస్కెట్లు, నేను.

ఆడేవాళ్ళు మామూలు మనుషులు.
మారికా పళ్ళ డాక్టరు,
నొప్పెడితే చెయ్యెత్తండి అని రోజుకి ఇరవైసార్లు అనే మనిషి,
మూడో వంతులో రేవు మూయించింది, అయిదో వంతులో విమానాశ్రయం కాల్చింది.
ఆట అయ్యాక కవర్లు విప్పి దాచేదీ నేనే.
యుద్ధం అన్న మాట ఒక్క చీటీలోనూ లేదు.
తగిన జవాబు.
తగిన జవాబుకి తగిన జవాబు.
చినుకు ఎవరిదో పదహారు ఆటల్లోనూ తేలలేదు,
గాలివాన మాత్రం అందరిదీ.

పదిహేడో ఆట. కార్డున్న ఆట.
ఫెర్రీ నడిపి రిటైరైన కాల్యు కవరిచ్చాడు,
జిగురింకా ఆరలేదు.
కిటికీ దగ్గర నా బూటు లేసు ఊడింది.
వంగాను. కింద నది మీద
ఒక పిల్లాడు జారి పడ్డాడు.
వాడి సంచి వాణ్ణి వదిలేసి
తన దారిన తాను జారిపోతోంది.
వెనకాలొచ్చే ఇంకో పిల్లాడు
ముందు సంచి వైపు పరిగెత్తి, ఆగి,
మనిషి వైపు తిరిగాడు.

నేను ముడి వేశానో లేదో గుర్తులేదు.

వెనక తలుపు చప్పుడు. కాల్యు, సాక్సులతో, ఆయాసంతో.
ఇచ్చేశావా?
ఇంకా లేదు.
ఇటు తే.
కవరు జేబులో కుక్కుకుని
గోడకి ఆనించి వేరే చీటీ రాశాడు, మూయకుండానే ఇచ్చాడు:
"పడవలో వాళ్ళు దొరికారా?"

పదహారు ఆటలు. ఎవరూ అడగని మాట.
మారికా ఫారం అటూ ఇటూ తిప్పింది,
దీనికి గడి లేదు.
అంచున రాసింది, ఇంకా వెతుకుతున్నాం అని.
మా దగ్గర పెద్ద లైట్లున్నాయి, పంపమంటారా, అని ఇటునుంచి.
గంట మోగేసరికి
రెండు దేశాలూ కలిసి నీళ్ళల్లోకి చూస్తున్నాయి.

హెల్వె కోప్పడలేదు.
రిజిస్టరులో గీత కొట్టి రాసింది:
పదిహేడు, చెల్లదు, దూత ఆలస్యం.
ఆవిడ తప్పేం లేదు, నా లేసుని
ఏ కార్డు ఖాతాలో వెయ్యగలదు?
మర్నాడు నాకు బూట్లు తెచ్చింది,
లేసుల్లేనివి, సరిగ్గా నా కొలతే.

పద్దెనిమిది నుంచి నలభై దాకా
ఒక్క అడుగూ తప్పకుండా మోశాను.
మెట్లు వాళ్ళే ఎక్కారు. బూట్లు బాగున్నాయి.

ఏప్రిల్లో మంచు విరిగే చప్పుడు నడవాలోకి వినిపిస్తున్నప్పుడు
హెల్వె ఆ కిటికీ దగ్గర నిలబడి పిలిచింది.
రైవో, ఆ రోజు ఇక్కడ ఎంతసేపు ఆగావు?
పిల్లాడు పడి లేచేంత సేపు, అన్నాను.
ఆవిడ పెన్ను మూత తీసింది.
నిమిషాల్లో చెప్పు.